మా ఇంట్లో చేరారు, వాళ్ళింట్లో దాక్కున్నారు

సౌదీలో జీజాన్‌కు ఉత్తరాన, సముద్రం ఒడ్డున, పైపులు నిలవచేసే యార్డు. నన్ను గేటు దగ్గర దింపి బండి వెళ్ళిపోయింది. జూలై నెల. ఉదయం ఆరింటికే చొక్కా వీపుకు అంటుకుంది. మధ్యాహ్నమైతే ఇసుకగాలి లేచి ఎదుటి కంచె కూడా కనిపించదు. ఇచ్చిన సామాను ఒక రేడియో, ఒక టార్చి. ఆర్డరు ఒక్కటే: గేట్‌పాస్ లేని బండి బయటికి పోకూడదు. సైన్యంలో హవల్దారుగా రిటైరైనవాణ్ణి. తుపాకీ లేని డ్యూటీ నాకదే మొదలు.

అక్కడ నాకు తోడు నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. నలభై దాటినవాడు. సముద్రానికి అవతల, ఎరిట్రియా వాళ్ళ దేశం. రోజూ పన్నెండింటికి నీళ్ళు దించి, ఎండ తగ్గేదాకా గేటు పక్కన నా కాపలా గదిలో కూర్చునేవాడు. నన్ను "అస్కరీ" అనేవాడు. సిపాయి అని అర్థం. మా మాటలన్నీ వచ్చీరాని అరబ్బీలోనే.

"నిన్ను సైన్యానికి పట్టుకెళ్ళారా?" అని అడిగాడొకసారి.

"లేదు. నేనే వెళ్ళాను."

"ఎందుకు?"

కడప జిల్లాలో మా ఊళ్ళో ఇంటికొకడు మిలటరీకి పోవాలి. చట్టం కాదు, అలవాటు. తాత వెళ్ళాడు, నాయన వెళ్ళాడు. వయసు రాగానే నన్ను సెలక్షన్‌కు తోలారు. నీకిష్టమేనా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

వాళ్ళ దగ్గర చట్టమే. పిలిస్తే పోవాలి, ఎప్పుడు వదులుతారో తెలీదు. వాళ్ళ నాయన వెళ్ళి శవంగా కూడా రాలేదు. అన్న ఒంటికాలితో వచ్చాడు. ఇతని వంతు వచ్చేసరికి వాళ్ళమ్మ మొండికేసింది. సైనికులు సోదాకొచ్చినప్పుడల్లా జొన్నల గాదెలో దాచింది. చివరికి పడవ మాట్లాడి ఇటు పంపేసింది. అప్పట్నుంచీ ఆమెను ఫోనులోనే చూస్తున్నాడు. వెనక్కి వెళ్తే నేరుగా జైలుకే.

ఆ ఏడాది ఆమె మంచాన పడింది. ఒక్కసారి వచ్చిపొమ్మని అడుగుతోందట. దాచినావిడే రమ్మంటోంది. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మంచివాడు, సెలవిస్తానన్నాడు. ఇతను మాత్రం రోజూ అదే మాట.

"పోనా, అస్కరీ?"

"పోతే తిరిగి రావు."

"పోకపోతే అమ్మ ఉండదు."

హుకుం ఇవ్వడం నాకు కొత్త కాదు. ఆ మాటకు మాత్రం రేడియో తీసుకుని కంచె చుట్టూ ఒక రౌండు కొట్టొచ్చేవాణ్ణి.

చివరికి జైలైనా సరేననుకున్నాడు. వెళ్ళి తిరిగొచ్చే వీసా, ఎగ్జిట్ రీ-ఎంట్రీకి అడుగుదామనుకున్న పొద్దునే అన్న ఫోను చేశాడు. ఆమె పోయింది.

ఆ మధ్యాహ్నం నీళ్ళు దించకుండానే వచ్చాడు. గది బయట నీడలో పొయ్యి వెలిగించాడు. కాఫీ గింజలు వేయించి, దంచి, కాచాడు. ఇద్దరం తాగాం. అదే పొడిలో నీళ్ళు పోసి మళ్ళీ కాచాడు. వాళ్ళింట్లో మూడుసార్లు పోస్తారట. మూడోది దీవెన. అది తాగాకే ఎవరైనా ఇంట్లోంచి లేవాలి. పడవెక్కిన రోజు రెండోది తాగుతుండగానే వీధిలో సైనికుల జీపు చప్పుడైంది. వాళ్ళమ్మ దొడ్డిదారిన తోసేసింది.

మూడోది కాచి కప్పులో పోసుకున్నాడు. తాగలేదు.

రేడియోలో పాకిస్తానీ సూపర్‌వైజర్ అరిచాడు. "ట్యాంకర్ కహాఁ హై?"

"గాడీ ఖరాబ్," అన్నాను. నా సర్వీసు మొత్తంలో తప్పుడు రిపోర్టు అదొక్కటే.

"తాగు, చల్లారిపోతుంది," అన్నాను అతనితో.

"తాగితే లేవాలి, అస్కరీ. అమ్మ దగ్గర్నుంచి లేవాలి."

కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చాను. మా ఆవిడ పెట్టె విప్పుతూ, "పెద్దోనికి వయసొచ్చె. సెలక్షన్‌కు ఎప్పుడు తోల్కపోతావు?" అని అడిగింది. నా కళ్ళ ముందు ఆ యార్డే ఉంది. కప్పు రెండు చేతుల్లో పట్టుకుని, సముద్రం వైపు తిరిగి, కాఫీలో ఇసుక పడుతున్నా కదలకుండా అతను ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.