పీనుగ గుడ్డకు బేరం

యాభైల నాటి కరువులో బద్వేలులో మాది బట్టల కొట్టు. బేరమాడకుండా నేను ఉప్పుగల్లు కూడా కొనేవాణ్ణి కాను. ఒకరోజు మాకు చీరలు నేసే ఓబయ్య చనిపోతే, అతని భార్య శవం మీద కప్పడానికి గుడ్డ కొనడానికొచ్చింది.

"సగం ధరకియ్యి శెట్టప్పా."

నాన్న మండిపడ్డాడు. "పీనుగ గుడ్డకు బేరమా? పాపమమ్మా! తగ్గించినా నాకు పాపమే."

"బతికుండే పిల్లోళ్లకు గంజి పోయాల గదప్పా!" అంటూ ఆమె వట్టి చేతులతో వెళ్లిపోయింది.

సాయంత్రం నాన్నా నేనూ వాళ్లింటికి పోయి చూస్తే, మగ్గం మీద సగం నేసిన మా చీర కోసి ఓబయ్యకు కప్పింది.

"నా నూలు! ఇది దొంగతనం గాదా?" అన్నాడు నాన్న.

"నూలు నీది. నేసిన చేతులెవురివి శెట్టప్పా?"

తను ధర్మం తప్పలేదనే నాన్న పోయేదాకా నమ్మాడు. ఆమె కూడా అట్లాగే నమ్మి ఉంటుంది.