అద్దానికి అమ్మ పెట్టిన బొట్టు

నిన్న బీరువా సర్దుతుంటే నల్లటి కెమెరా రీలు డబ్బా ఒకటి దొరికింది. గుర్తున్నాయా ఫ్రెండ్స్? మన అమ్మలు వాటిలో సూదులో, కుంకుమో దాచుకునేవాళ్లు. మా డబ్బాకు మాత్రం అడుగున సన్నటి బెజ్జం ఉంటుంది.

పుంగనూరులో నేను తొమ్మిదో తరగతి. మామయ్య కొనిచ్చిన చిన్న టెలిస్కోపులో ఎప్పుడు చూసినా చంద్రుడు మసకే. గొట్టం అడుగునున్న అద్దం విప్పి కడిగి, గూట్లో ఆరబెట్టాను. ఆ రోజు ఆయుధపూజ. వచ్చి చూస్తే అద్దం నట్టనడుమ గంధం, కుంకుమ!

"తుడిస్తే గీతలు పడతాయి గదమ్మా!" అని ఏడుపు లంకించుకున్నాను.

"సైకిలుకూ పెట్టినాను, కుట్టుమిషనుకూ పెట్టినాను. ఇదేం పాపం చేసింది? యాల అరస్తాండావు?" అంది అమ్మ.

చేసేదిలేక అలాగే బిగించి, కన్ను పెట్టి చూసేచోట కటకం తీసేసి ఈ రీలు డబ్బా దూర్చి, దాని బెజ్జంలోంచి లోపలికి చూశాను. ఎర్రటి బొట్టు ఓ పక్కకు జరిగి కనిపించింది. అంటే అద్దమే వంకరగా ఉంది! నడుమ ఎక్కడో తెలియకనే ఇన్నాళ్లూ సరిచేయలేకపోయాను. నేను చూస్తూ చెబుతుంటే, అద్దం వెనకున్న మూడు స్క్రూలూ అమ్మ తిప్పింది. బొట్టు మధ్యకొచ్చి కూర్చుంది. ముగ్గు చుక్కలు పెట్టే చెయ్యి పెట్టిన బొట్టు కదా, అద్దం నడుమకు నూలుపోగంత తేడా లేదు.

ఆ సాయంత్రం చంద్రుడి మీద గుంతల అంచులు కూడా స్పష్టంగా కనిపించాయి.

మొన్న కొత్త టెలిస్కోపు కొన్నాను. అద్దాన్ని సరిచేసుకోడానికి వీలుగా, దాని నడుమ కంపెనీవాళ్లే గుండ్రటి గుర్తు అంటించి పంపారు. వీడియోకాల్‌లో చూపిస్తే అమ్మ ఏమందో తెలుసా?

"ఆడ గూడా ఎవరో పూజ చేసే పంపించినారే!"