మెట్టుగూడ అంగడిలో నా చేతిరాత

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కళ్ళెదుట కనిపించే మనుషులనే అంత తేలిగ్గా నమ్మనిదాన్ని, కనపడని వాటిని ఎక్కడ నమ్ముతాను? పాలు కొలిచేటప్పుడు నురగ ఎంత, పాలు ఎంత అని వంగి చూసే రకం నేను. మా అమ్మ నన్ను "సీఐడీ" అనేది. కాబట్టి ఇది ఎవరినో భయపెట్టడానికి రాస్తున్నది కాదు. ఒకరికి చెప్పాల్సిన మాట ఇన్నేళ్ళుగా చెప్పలేదు, అందుకని రాస్తున్నాను.

అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా కంప్యూటర్ కోర్సు బోర్డే కనపడే రోజులవి. మా చిలకలగూడ వీధిలో నా ఈడు వాళ్ళంతా పొద్దున్నే సంచులు తగిలించుకుని అటే పోయేవారు. నేను చదివింది ఎం.ఎ. తెలుగు. ఆ చదువుకి సికింద్రాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుందని, విజయనగరం నుంచి మమ్మల్ని తీసుకొచ్చిన మా నాన్న కూడా అనుకోలేదు. దొరికింది. ఒక చిన్న తెలుగు చానల్ ఊరంతా తిరిగే పరుగు పందెం ఒకటి మొదలుపెట్టింది. దానికి క్లూలు రాసే పని నాది. ఆ చానల్ ఇప్పుడు లేదు.

ఆ పందెం ఎలా నడిచేదో ముందు చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు.

జట్టుకు ఇద్దరు. పొద్దున్నే వాళ్ళ సెల్‌ఫోన్లు తీసేసుకుంటాం. ఒక ఎర్ర కవరు చేతికిస్తాం. అందులో ఉన్న క్లూ చదివి, దారిన పోయేవాళ్ళని అడిగి, బస్సో ఆటోనో పట్టుకుని ఆ చోటికి చేరాలి. అక్కడ ఇంకో కవరు ఉంటుంది. కొన్నిచోట్ల ఏదైనా పని చేసి చూపిస్తే గాని కవరు ఇవ్వరు. చివరి చోట పసుపు చాప పరిచి ఉంటుంది. దాని మీద అందరికంటే ఆఖరున కాలు పెట్టిన జట్టు పందెం నుంచి వెళ్ళిపోవాలి. ప్రతి జట్టు వెనకా ఒక కెమెరామన్ పరుగెత్తుతాడు. అతను దారి చెప్పకూడదు, సైగ కూడా చెయ్యకూడదు.

టీవీలో చూస్తే జట్లన్నీ ఒకరి మడమలు ఒకరు తొక్కుకుంటూ వస్తున్నట్టు ఉండేది. అదంతా ఎడిటింగ్ గదిలో జరిగే పని. నిజానికి ఒక జట్టు వచ్చి, టిఫిన్ తిని, చెట్టు కింద కునుకు తీశాక రెండో జట్టు వచ్చేది. అసలు టైము నా చేతిలోని అట్ట మీదే ఉండేది. చాప దగ్గర నిలబడి రాసుకునేది కూడా నేనే మరి.

క్లూలు చేత్తోనే రాయమన్నాడు డైరెక్టర్ రఘు, కెమెరాలో బాగుంటుందని. కవరు అంటించాక నేనొక పని చేసేదాన్ని. మూత అంచు మీద సగం, కవరు మీద సగం పడేలా పెన్సిల్‌తో చిన్న 'ఉ' రాసేదాన్ని. ఉమలో ఉ. ఎవరైనా విప్పి మళ్ళీ అంటిస్తే ఆ అక్షరం కలవదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అసలు నా అనుమానమే రఘు మీద. పోటీలో ఉన్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళని అతను ఎలాగైనా ఫైనల్‌కి తీసుకెళ్తాడని నాకు మొదటి నుంచీ లోపల పీకుతూ ఉండేది.

ఆ వారానికి మూడు జట్లు మిగిలాయి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, ఇద్దరు కాలేజీ స్నేహితురాళ్ళు, నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు. అత్త అంజమ్మ, కోడలు స్వప్న. జనం నవ్వుకుంటారని తీసుకున్నారు వీళ్ళని. ప్రతి వారం ఆఖరికి ఒక్క మెట్టు ముందు వచ్చి బతికిపోయేవారు. ఇంట్లో ఏడాదిగా సరిగ్గా మాట్లాడుకోని ఆ ఇద్దరూ పందెంలో పడ్డాక ఒకే సీసాలో నీళ్ళు తాగడం నేను చూశాను. ఎవరి పక్షమూ వహించకూడని ఉద్యోగం నాది. అయినా వాళ్ళంటే నాకు ఇష్టం.

ఆ వారం దారి చూసి రావడానికి సోమవారం వెళ్ళాను. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్స్ ఎదురుగా ఒక కిరాణా కొట్టు, దాని పక్కన ఖాళీ మైదానం. కొట్టు ఆయన ఇత్తడి తక్కెడ బాగుంది. అక్కడ ఒక కవరు. అది తీసుకుని చిలకలగూడ దర్జీ దగ్గరికి వెళ్ళి దిండు గలీబు కుట్టాలి. గలీబుతో నేరేడ్‌మెట్‌లో ఒక పెద్ద బండ వెనక పరిచిన చాప మీదికి రావాలి.

తిరిగి వస్తుంటే బస్సులో ఇంకో ఆలోచన వచ్చింది. చిలకలగూడ తీసేసి మెట్టుగూడ నుంచి నేరుగా నేరేడ్‌మెట్‌కే పంపితే? దానికి వాక్యం కూడా మనసులో కట్టాను. "అలిగి కూర్చున్న ఏనుగు వీపు వెనక పసుపు చాప." ఆ బండ నాకు అలాగే కనపడింది. తర్వాత దారి మరీ చిన్నదవుతుందని, ఏనుగు చిన్నపిల్లల మాటలా ఉందని వదిలేశాను. కాగితం మీద పెట్టలేదు, ఎవరితోనూ అనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

షూటింగ్ గురువారం. ఎనిమిది గంటలకే నేను బండ వెనక చాప దగ్గర ఉన్నాను. చాప దగ్గరి కెమెరా అప్పటి నుంచి తిరుగుతూనే ఉంది. ఎవరు ఎంత పరుగెత్తినా పదకొండున్నర లోపు రాలేరని నా లెక్క.

పదకొండు కొట్టకముందే అంజమ్మ, స్వప్న చేతులు పట్టుకుని బండ చుట్టూ తిరిగి వచ్చి చాప మీద దూకారు. అంజమ్మ చెప్పులు కూడా విడవలేదు, కోడలిని గట్టిగా కావలించుకుంది. వాళ్ళ వెనక కెమెరామన్ యాదగిరి రొప్పుతున్నాడు. నాకు సంతోషం కలగాలి. ముందు అనుమానమే కలిగింది.

"గలీబు ఏదండీ?" అన్నాను.

"ఏం గలీబు బిడ్డా?" అంది అంజమ్మ. "నువ్ రాసినట్టే అంగడికి పోయినం. ముసలామె కవరిచ్చింది. అండ్ల ఏనుగని ఉన్నది. మా ఇంటి కాడి బండనే గదా అనుకోని సక్కగ ఈడికే వచ్చినం."

ఏనుగు అన్న మాట వినగానే కవరు ఇవ్వమని స్వప్న వైపు చెయ్యి చాపాను. అయినా ముందు అర్థమైంది మాత్రం నా తప్పు. నేను రాసిన క్లూ ఇది: "మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ ఎదుటి అంగడిలో తక్కెడ పట్టుకుని కూర్చున్నవారిని అడగండి." మా ఇంట్లో మేం కొట్టు అంటాం. కొట్టు అని రాస్తే మరీ ఇంటి మాటలా ఉంటుందని, పుస్తకాల్లో చదివిన అంగడి వేశాను. మేం కొట్టు అనేదాన్ని అంజమ్మ దుకాణం అంటుంది. అంగడి అంటే వారానికోసారి జరిగే సంత. నేను సోమవారం ఖాళీగా చూసిన మైదానంలో ప్రతి గురువారం అంగడి జరుగుతుందట. బేస్తారం అంగడి అని మెట్టుగూడలో చిన్నపిల్లలకి కూడా తెలుసట. ఎం.ఎ. తెలుగు చదివిన నాకు తెలియలేదు.

సరే, వాళ్ళు సంతకి ఎందుకు వెళ్ళారో తెలిసింది. సంతలో కవరు ఎవరు పెట్టారు?

కిరాణా కొట్టుకి ఫోన్ చేయించాను. మూడు జట్లకి మూడు కవర్లు ముందే అక్కడ ఇచ్చి ఉంచాను. రెండు జట్లు తీసుకెళ్ళాయట, మూడోది అక్కడే ఉందట. కవర్ల మీద వేసే చానల్ ముద్ర నా సంచిలోనే ఉంది, ఖాళీ కవర్లలో ఒక్కటీ తగ్గలేదు. స్వప్న తెచ్చిన కవరు తిప్పి చూశాను. ఆ అమ్మాయి పక్క అంచు చింపింది కాబట్టి మూత అలాగే ఉంది. మూత మీద, సగం ఇటు సగం అటు, పెన్సిల్ 'ఉ'. లోపలి కాగితం మీద అలిగి కూర్చున్న ఏనుగు. 'గ' తలకట్టు నేను విడిగా, కాస్త పైకి పెడతాను. అదీ అలాగే ఉంది.

సాయంత్రం ఐదింటికి ఆఫీసులో రఘు టేపు వేశాడు. అత్తాకోడళ్ళూ, యాదగిరీ, నేనూ ఉన్నాం. టేపులో సంత, చింతపండు అమ్మే ముసలామె, పక్కన తక్కెడ. స్వప్న అడగగానే గోనెపట్టా కింద నుంచి ఎర్ర కవరు తీసి ఇచ్చింది. "గిప్పుడే ఇచ్చిపోయింది ఒక పిల్ల," అంటోంది. ఆ సమయానికి నేను నేరేడ్‌మెట్‌లో చాప పక్కన అట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. చాప దగ్గర తీసిన రెండో టేపులో స్పష్టంగా కనపడుతున్నాను.

రఘు కవరు నా ముందు పెట్టాడు. "ఉమా, సీదా అడుగుతున్న. ఈ రైటింగ్ నీదా? నీదైతే నువ్వు ఎవరితోనో పంపించి లీక్ చేసినట్టు. కాకపోతే వీళ్ళు డూప్లికేట్ చేయించినట్టు. ఇంకోటి లేదు."

"నాకు తెలుగు రాయనీకే రాదు సార్, ఇంగ్లీష్ మీడియం," అంది స్వప్న ఏడుస్తూ. "అత్తమ్మ సదువుకోలే. మేమెట్ల రాస్తం?"

"రాసేటోళ్ళు బయట మస్తుమంది ఉంటరు," అన్నాడు రఘు.

అంజమ్మ అతనివైపు చూడనే లేదు. నా వైపు తిరిగింది. "నీ మొకం జూసి అడుగుతున్న బిడ్డా. గిది నువ్ రాసిందేనా?"

నిజం నా నాలుక మీదే ఉంది. కానీ అవునంటే ఉద్యోగం పోతుంది, పైగా దొంగనవుతాను. రాయకుండా నా రాత ఎలా వచ్చిందంటే ఏం చెప్పను? ఇదంతా నన్ను ఇరికించడానికి రఘు పన్నిన పన్నాగమేమో అని కూడా ఆ క్షణంలో అనుకున్నాను.

"నాది కాదు," అన్నాను.

"సరె. నువ్ గాదంటే గాదు," అంది అంజమ్మ. కోడలి భుజం మీద చెయ్యి వేసి లేపి తీసుకుపోయింది.

ఆ రోజు నేను ఇంటికి వెళ్తే మా అమ్మ, "ఏటే, మొహం అలగైపోనాది?" అంది. ఏమీ లేదన్నాను. అదీ అబద్ధమే.

నియమం తప్పినందుకు అత్తాకోడళ్ళని తీసేసినట్టు టీవీలో చూపించారు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఫైనల్‌కి వెళ్ళారు. నేరేడ్‌మెట్‌లో వాళ్ళ గల్లీలో పిల్లలు వాళ్ళని "కవర్ దొంగలు" అని పిలుస్తున్నారని యాదగిరి తర్వాత చెప్పాడు. స్వప్న పుట్టింటికి వెళ్ళిపోయిందని కూడా చెప్పాడు.

తర్వాతి గురువారం సెలవు పెట్టి మెట్టుగూడ వెళ్ళాను. పొద్దున పదిన్నర, మంచి ఎండ. మైదానం నిండా జనం. చింతపండు ముసలామె అక్కడే ఉంది. నా ఉద్దేశం ఒకటే: ఆ కవరు తెచ్చింది ఎవరో ఆమె నోటితో చెప్పించాలి, రఘు మనిషి అయితే పట్టుకోవాలి. ఆఫీసు బల్ల మీద నుంచి తీసి దాచుకున్న కవరు ఆమెకి చూపించాను.

"ఇది మీకు ఇచ్చింది ఎవరమ్మా?"

ఆమె ఎవరికో అరకిలో తూచి, పొట్లం కట్టి ఇచ్చి, అప్పుడు నా వైపు చూసింది.

"ఎవలేంది? నువ్వే గదా."

"నేను కాదు. నేను అంగడికి రావడం ఇదే మొదటిసారి."

ముసలామె నవ్వింది. వెక్కిరింపు కాదు, తెలిసిన పిల్లని చూసి నవ్వే నవ్వు.

"గిట్లనే అంటవని నువ్వే జెప్పినవ్ బిడ్డా. 'మల్లొస్త. వచ్చి నాది గాదంట. నమ్మకు' అని నా చెయ్యి బట్టుకోని జెప్పి పోతివి."

పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆయన కూడా నన్ను చూసి తలూపాడు. నేను కవరు సంచిలో పెట్టుకున్నాను. పట్టపగలు, అంత జనంలో, బస్టాపు దాకా వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను.

అప్పటి నుంచి నేను అనుమానించని మనిషి లేడు. యాదగిరిని అనుమానించాను. కాని ఏనుగు సంగతి అతనికెలా తెలుస్తుంది? ముసలామెకి ఎవరో పాఠం చెప్పారనుకున్నాను. నేను అబద్ధం ఆడతానని నాకే తెలియని పొద్దున, అది ఆమెకి చెప్పగలిగినవాళ్ళు ఎవరు? నిద్రలో రాసి మరిచిపోయానేమోనని డాక్టర్‌ని కూడా అడిగాను. రాసి ఉండొచ్చన్నాడు. మరి ఒకే సమయంలో రెండు చోట్ల ఎలా ఉన్నానని అడిగితే, పని ఒత్తిడి తగ్గించుకోమన్నాడు.

కవరు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పెన్సిల్ 'ఉ' కాస్త మాసింది గాని చెరిగిపోలేదు. ఇదెలా జరిగిందో నాకు తెలియదు, తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. నాకు తెలిసింది ఒక్కటే, అది ఆ రోజు సాయంత్రం ఐదింటికే తెలుసు.

అంజమ్మ గారూ, అది నా రాతే.