పెందుర్తి కాఫీ మీద నా అనుమానం

ఆ ఉదయం మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. ముందురోజు పెందుర్తిలో తాగిన కాఫీ వెంటనే గుర్తొచ్చింది.

తాగింది మా మేనమామ కొడుకు కట్టుకున్న కొత్తింట్లో. నలభై ఏళ్ళ కిందట మేనమామ చలిజ్వరానికి మాత్రలు వేసుకుంటూనే, ఇలాగే నల్లటి మూత్రం పోయి, కళ్ళు పచ్చబడి చనిపోయాడు. భార్యే మందు పెట్టిందని మా అమ్మ తీర్మానించింది. అప్పటినుంచి అత్తయ్య చేతి మంచినీళ్ళు మేమెవరం ముట్టలేదు. మా తాతల నాటి జమీందారీ దివాణం పోయింది, నేను పోర్టులో గుమాస్తాగా రిటైరయ్యాను, ఆ పట్టింపు మాత్రం పోలేదు. గృహప్రవేశంలో అత్తయ్య కలిపిన కాఫీ అందిస్తూ ఆమె కొడుకు నలుగురి ముందు, "ఏటి బావా, ఒక్క గుక్క తాగితే మీ వంశం మునిగిపోద్దేటి?" అన్నాడు. తాగాను.

అంతకు రెండు రోజుల ముందే మలేరియాకు ప్రైమాక్విన్ మాత్రలు మొదలుపెట్టాను. కాఫీని అనుమానించాను గాని మాత్రను అనుమానించలేదు. ఇంకో రెండు రోజులు శ్రద్ధగా వేసుకున్నాను. మూడోనాడు మెట్ల మీద కూలబడ్డాను.

ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ బాగా పడిపోయిందన్నారు. "విషం పరీక్ష చెయ్యండి" అన్నాను. డాక్టరమ్మ మందుల చీటీ చూసింది. "విషం కాదండీ, ఈ మాత్ర. ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ మీకు తక్కువేమో." మాత్ర ఆపి రక్తం ఎక్కించారు. తీరా టెస్టు నార్మల్ వచ్చింది. నాకు మళ్ళీ అనుమానం. డాక్టరమ్మకూ అనుమానమే: "ఎంజైమ్ తక్కువున్న పాత కణాలు ఆ మాత్రకు చితికిపోయాయి. కొత్తవాటిలో, ఎక్కించినవాటిలో ఎంజైమ్ బాగానే కనిపిస్తుంది. మూడు నెలలాగి చేద్దాం."

ఈసారి డెఫిషియెంట్, అంటే ఎంజైమ్ లోపం ఉందని వచ్చింది. జీన్‌లో తేడా అట. "తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. అమ్మగారి వైపు ఎవరికైనా ఇలా అయిందా?"

మా రక్తంలో లోపమని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా మేనమామ సంగతి చెప్పాను.

"ఇప్పుడు రుజువు చెయ్యలేం. అదే అయ్యుండొచ్చు."

క్షమాపణ చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు. పెందుర్తి వెళ్ళి రిపోర్టు చదివి వినిపించాను. అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నలభై ఏళ్ళు, ఎవరికి వడ్డించినా ముందు నాను తిని సూపించేదాన్ని నాయినా. కూకో. కాఫీ నాను కలపనా, నువ్వే కలుపుకుంతావా?"

"నువ్వే కలుపు అత్తయ్యా."

ఇప్పుడు బాగున్నాను. కూతురి పిల్లలకూ పరీక్ష చేయించాం, పెద్దవాడికి ఉంది. నా రిపోర్టు నకలు నా దగ్గర, వాడిది వాడి దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మీకు ప్రైమాక్విన్ రాస్తే, మొదటి మాత్రకు ముందే జీ6పీడీ పరీక్ష అడగండి. మూత్రం నల్లబడితే మాత్ర ఆపి, ఆ మాత్రల అట్ట పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఎవరింట్లో ఏం తాగారో తర్వాత ఆలోచించవచ్చు.