గుండు కింది మట్టి

విలాయత్ అలీ బోరు బండి మీద పనిచేసి పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అందుకే కూతురు ఆమ్నా కూడా మట్టిలో గొట్టాలు దించే కొలువులో చేరానని చెప్పిన రోజు, శంషాబాద్‌లోని ఆ ఇంట్లో పెద్ద గొడవే జరిగింది.

"నేను నీళ్ల కోసం దించిన. నువ్వు దేనికోసం దించుతవ్ బేటీ?" అని అరిచాడాయన.

"ఇల్లు కట్టకముందే కింద ఏముందో చూసేటందుకు, అబ్బా" అని ఆమె ఆయన చెవి దగ్గరికొచ్చి చెప్పింది.

అత్తాపూర్‌లో మట్టి పరీక్షలు చేసే చిన్న కంపెనీ అది. ఇంజినీర్లలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. మొదట్లో ఏ ప్లాటుకు పోయినా "సారు రాలేదా?" అని అడిగేవాళ్లు. ఆమె నవ్వి, స్కార్ఫ్ బిగించుకుని, పని మొదలుపెట్టించేది. ఎవరైనా చెవుల్లో దూది పెట్టుకోకుండా మిషన్ దగ్గరికొస్తే మాత్రం ఊరుకునేది కాదు. ఎంత పెద్దవాళ్లయినా సరే, దూది చేతిలో పెట్టి, చెవుల్లో పెట్టుకునేదాకా నిలబడేది.

మొన్న ఎండాకాలంలో పాల్మాకుల పని వచ్చింది. శివయ్య అనే రైతు తన చెలకలో కొంత దవాఖానకు రాసిచ్చాడు. ఆయన భార్య లచ్చమ్మ కిడ్నీలు చెడిపోయి, రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి రెండుమూడు సార్లు బస్సులు మారి పట్నం పోయొచ్చేది. అట్లా పోయొచ్చే తొవ్వలోనే పానం విడిచింది. ఇంకెవరికీ ఆ తిప్పలు రావద్దని, బతికుండగా ఆమే చూపెట్టిన జాగాలో దవాఖాన కట్టాలని ఆయన పట్టు.

మూడు చోట్ల బోరు వేస్తే ఒక్కతీరే వచ్చింది. పైన ఎర్రమట్టి, దాని కింద గులకరాళ్లలాంటి మొరం, పోనుపోను గట్టిపడి చివరికి రాయి. నాలుగోది సరిగ్గా లచ్చమ్మ చూపిన చోట. అక్కడ మొరమే లేదు. మట్టి దాటంగనే రాయి ఠంగుమంది.

కాంట్రాక్టర్ జగదీశ్ సంబరపడ్డాడు. "రాయి జల్దీ దొరికింది. ఇగ మిషన్ ఎత్తుండ్రి మేడం. ఆదివారం భూమిపూజ, ఊరంతటికీ చెప్పినం."

ఆమ్నాకు ఆ జల్దీయే నచ్చలేదు. చెలక గట్టు మీద ఏనుగుల్లాంటి రాతి గుండ్లు పడి ఉన్నాయి. పైన ఉన్నవి కనబడుతున్నాయి సరే, మట్టిలో దాగినవి ఎన్నో!

"ఇది కింద పరుచుకున్న బండనో, ఒంటి గుండో తెలియాలి అన్నా. ఇంకా దించుదాం" అంది.

మిషన్ నడిపే యాదగిరి మొహం మాడ్చుకున్నాడు. రాయిని కోసీ కోసీ గొట్టం కొసనున్న బిట్టు అరిగిపోయింది. కొత్తది అత్తాపూర్ నుంచి తెప్పించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. "అక్కా, ఇది బండనే. జర నా మాటిను" అన్నాడు.

"కావొచ్చన్నా. బండే అయితే నాకూ సంతోషమే" అని ఆమె గొట్టాలు మోయడానికి తనూ ఓ చెయ్యి వేసింది.

మిషన్ మూలుగుతూ రాయిలోకి దిగుతూ పోయింది. జగదీశ్ కోపంగా కారెక్కి కూర్చున్నాడు. నెత్తిమీది నుంచి విమానాలు దిగుతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి మిషన్ చప్పుడు మారింది. గొట్టం సర్రున కిందికి జారింది. పైకి తీసి చూస్తే కొసకు రాయి లేదు, తడిసిన మెత్తటి మట్టి. పిడికిట్లో పిసికితే ముద్దయింది.

యాదగిరి ఆ ముద్దను చూసి, ఆమెను చూసి, "కట్టి ఉంటే?" అన్నాడు మెల్లగా. ఆమ్నాకు గెలిచినట్టేం లేదు. ఇప్పుడు శివయ్యకు చెప్పాలి.

చెప్పింది. ఆయన ముఖం నల్లబడింది. "నా లచ్చమ్మ చూపెట్టిన జాగ ఖరాబంటున్నవా?"

"ఖరాబు కాదు బాపు, ఇక్కడున్నది ఒంటి గుండు. మెత్తటి మట్టి మీద రోలు పెట్టినవనుకో. రోలు గట్టిదే. బరువు పడ్డంక ఒరుగుతది. లోపల మంచాల మీద మనుషులుంటరు."

శివయ్య గుండ్ల వైపు తిరిగి కూలబడ్డాడు. ఆమ్నా కూడా పక్కనే మట్టిలో కూర్చుంది. అప్పుడు అంది, "మొదటి మూడు బోర్లు వేసిన దిక్కు బండ మంచిగుంది బాపు, దవాఖాన అటు జరుపుదాం. ఈ జాగాల బరువుండొద్దు, అంతే. రేకుల పందిరేసి, తోడొచ్చినోళ్లు కూసునేటట్టు చేయొచ్చు."

"లచ్చమ్మతోని పోయినప్పుడు నేను రోడ్డు మీదనే కూసునేటోణ్ణి బిడ్డా" అన్నాడు శివయ్య. కండువాతో కండ్లు తుడుచుకుని లేచి, "జరుపుండ్రి" అని జగదీశ్‌కు చెప్పాడు.

జగదీశ్ ముందు పరేషాన్ అయ్యాడు. ఆ ముద్ద చేతికందాక మాత్రం భూమిపూజ వాయిదా వేయించి, కొత్త జాగాలో ఇంకో రెండు బోర్లు వేయమని ఆమ్నాను తనే అడిగాడు.

దవాఖాన లేచింది. తెరిచే రోజు శివయ్య ఫోన్ చేశాడు. "ఏంది బిడ్డా, అందరొచ్చిన్రు, నువ్వేడున్నవ్?"

"బడంగ్‌పేట్‌ల బాపు. బోరు నడుస్తుంది. ఇప్పుడే రాయి తాకింది, బండనో గుండో ఇంకా తేలలె."

"అయితే పని ఇడిసిపెట్టి రాకు. నీ వంతు ఉడికిన శెనగ గుడాలు తీసి పెడ్త" అన్నాడాయన.