అవ్వ లేదన్న ఇంట్లో

నేను చనిపోయినవాళ్ల చుట్టాలను వెతికిపెడతాను. అడిగే దిక్కులేక పడి ఉన్న ఇళ్లకు, పొలాలకు సొంత రక్తం ఎక్కడైనా మిగిలి ఉందేమో చూడమని వనపర్తి వకీళ్లు నన్ను పంపుతారు. పెళ్లి సంబంధానికని వచ్చినవాళ్లు ఏడు తరాలు ఆరా తీసినా చాయ్ పోసి మరీ చెబుతారు. నేను ఒక్క తరం అడిగితే చాలు, తలుపు దగ్గరికి వేస్తారు. ఇన్నేళ్లయినా నాకు ఆ తలుపుల మీద కోపం పోలేదు.

మొన్న పత్తి తీసే రోజుల్లో ఒక కేసు నా ప్రాణం తోడేసింది. వనపర్తిలో ఒక హాస్టల్లో వంట చేసిన ముసలామె, తను కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. దినాలు కాగానే పక్కింటాయన, తనను కొడుకులా పెంచుకుందని, ఇల్లు తనదేనని కోర్టుకెక్కాడు. వేరే వారసులు ముందుకు రాకపోతే ఆయన మాటే నిలిచేలా ఉంది. ఆమెకు ఒక కూతురు ఉండేదని తోటి వంటవాళ్లు అన్నారు. ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అడగ్గా అడగ్గా, బిజినేపల్లి దగ్గర ఆమె పుట్టిన ఊరు దొరికింది. మా ఊరూ ఆ పక్కనే. అక్కడ ఆమె వదిన నన్ను తీరిగ్గా తిట్టిపోసి, కడుపు చల్లబడ్డాక అసలు సంగతి చెప్పింది.

"ఆ పిల్ల వేరే కులపోన్ని చేసుకొని ధరూర్ దిక్కు పోయింది. ఇంక నా గడప తొక్కకు అన్నది మా ఆడిబిడ్డ. గంతే, మళ్ల మొఖాలు చూసుకోలే."

అల్లుడి పేరు, ఊరు కూడా ఆమే చెప్పింది. కోర్టు వాయిదా మర్నాడే. గద్వాలలో బస్సు దిగి, షేర్ ఆటోలో ఒక కాలు బయట పెట్టుకుని ఆ ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. అల్లుడు చనిపోయాడట, ఇల్లు మాత్రం చూపించారు. అరుగు మీద ఒక పిల్ల పల్లికాయ ఒలుస్తోంది. తండ్రి పేరు అడిగితే అల్లుడి పేరుతో సరిపోయింది. నాకు సగం ఊపిరి వచ్చింది.

"మీ అవ్వ ఉందా చెల్లె?" అన్నాను.

"అవ్వ లేదక్కా. ఎప్పుడో సచ్చిపోయింది. నేను చూడనే లేదు."

కన్నప్పుడే పోయిందన్నమాట. కూతురు లేకపోయినా మనవరాలికి హక్కు ఉంటుంది. కానీ కూతురు పోయినట్టు కాగితం చూపించాలి. తెల్లారేలోపు ఆ కాగితం నేనెక్కడ పుట్టించాలి?

"సచ్చిపోయినట్టు పత్రం ఉందా?"

"గప్పుడు పత్రాలు ఎక్కడియక్కా?" అని నన్ను వింతగా చూసింది.

వకీలుకు ఏం చెప్పాలో తెలియక ఫోను చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగాను. అప్పుడు ఇంట్లోంచి ఒక గొంతు వినిపించింది. "ఎవరే బయట?"

"ఎవరో వనపర్తి నుంచి వచ్చిన్రమ్మా."

నేను ఆగిపోయాను. "లోపల ఎవరు?"

"మా అమ్మ."

"ఇప్పుడే లేదన్నవు గదా!"

"లేనిది అవ్వక్కా. మా నాయనను కన్నామె. అమ్మ ఉంది."

మా బిజినేపల్లి దిక్కు అవ్వ అంటే కన్నతల్లి. ఈ కృష్ణ ఒడ్డున అవ్వ అంటే నాయనమ్మ, అమ్మమ్మ. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, కంగారులో నా ఊరి మాటే నోట్లోకి వచ్చింది. ఆ గొంతు ఇంకొంచెం ఆగి వినిపించి ఉంటే, బతికున్న మనిషిని చంపేసి ఆటో ఎక్కేదాన్ని.

లోపల మోకాళ్లకు గుడ్డ కట్టుకుని ఆమె మంచం మీద కూర్చుని ఉంది. తల్లి పోయిందని చెప్పాను. ఏడవలేదు.

"తలకొరివి ఎవరు పెట్టిన్రు?"

"పక్కింటాయన అక్కా. ఇప్పుడు ఇల్లు తనదే అంటుండు. నువ్వు రేపు కోర్టుకు రావాలె."

"ఆయన పెట్టిండు, ఆయన్నే తీస్కోనియ్యి. గడప తొక్కకన్నది. సచ్చినంక దొంగ లెక్క తొక్కాల్నా?"

పిల్ల పల్లికాయలు వదిలేసి లోపలికి వచ్చింది. "అమ్మా, చిన్నాయనోల్లు ఈ ఇల్లు ఖాళీ చెయ్యమంటున్రు. మనం యాడికి పోవాలె?"

ఆమె మోకాలి గుడ్డ బిగించుకుంది. నాకు ఒళ్లు మండింది. చనిపోయినామె మీద కోపమో, ఎదురుగా ఉన్నామె మీదో తెలియదు. వనపర్తిలో ఆ ఇల్లు చూడడానికి పోయినప్పుడు ఎదురింటామె చెప్పిన మాట అనేశాను. "ఆ ఇంట్లో రెండో గది ఎప్పుడూ ఖాళీయేనంట అక్కా. కాలేజీ పిల్లలు కిరాయికి అడిగితే ఇయ్యకపోతుండెనంట. మా బిడ్డ వస్తది, వస్తే యాడ పండుకుంటది అంటుండెనంట."

ఆమె గోడవైపు తిరిగింది. చివరికి గోడవైపే చూస్తూ అడిగింది. "పొద్దుగాల బస్సు ఎన్ని గంటలకు?"

మర్నాడు కోర్టులో పక్కింటాయన వకీలు ఆమెను ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు. కన్నకూతురివైతే ఇన్నేళ్లు ఎందుకు రాలేదని.

"పిలుస్తదని నేను చూసిన. వస్తనని ఆమె చూసింది," అన్నది. "ఇద్దరం కూసున్నం సారూ."

కొన్ని వాయిదాల తర్వాత తీర్పు ఆమె వైపే వచ్చింది. తాళం తీసినరోజు నేనూ వెళ్లాను. ఆమె గడప ముందు చాలాసేపు నిలబడింది. పిల్ల చెయ్యి పట్టుకోబోతే వద్దంది. ఒక్కతే లోపలికి వెళ్లి, ముందు గదిలో ఆగకుండా రెండో గదిలోకి పోయి, దుమ్ము కూడా ఊడ్వకుండా నేల మీద పడుకుంది. లోపలినుంచి ఏడుపు వినిపిస్తుంటే, ఆ పిల్లకు తాళంచెవి ఇచ్చి నేను బస్టాండుకు నడిచాను.