రాక్షసుడు చచ్చాకే కట్నాలు

మా ఆటలో రాక్షసుడు చచ్చాకే కట్నాలు చదువుతారు. నవ్వితే నవ్వండి గానీ, ఇరవై ఏళ్ళు రాక్షసుడి వేషం కట్టినవాడికే తెలుస్తుంది ఆ కడుపుమంట.

మాది చిరుతల ఆట. చిరుతలంటే చేతిలో పట్టుకుని వాయించే చెక్కతాళాలు. అవి వాయిస్తూ, గుండ్రంగా తిరిగి చిందులేస్తూ, పాడుతూ కథ నడిపిస్తాం. కథ మా పంతులు స్వయంగా కట్టింది. పంతులంటే మాకు ఆట నేర్పిన ముసలాయన. హార్మోనియం ఆయనదే, ఆఖరి మాటా ఆయనదే. చెరువు తూము మూసేసి ఊళ్ళను ఎండబెట్టిన రాక్షసుణ్ణి ఒక రాజు చంపి నీళ్ళు వదులుతాడు. ఆఖర్న రాజుకు పట్టాభిషేకం. ఆయన కుర్చీలో కూర్చుంటే జనం వరసగా వచ్చి కట్నాలు సమర్పిస్తారు. నోటు, శాలువా, తువ్వాల, ఎవరి శక్తి వాళ్ళది. పేర్లు మైకులో చదువుతారు. డబ్బు జట్టుకే పోతుంది, నిజమే. కానీ శాలువా పడేది రాజు భుజం మీద. దండం పెట్టేది రాజుకు. ఆ సమయానికి నేనెక్కడ ఉంటాను? తెర వెనక కొబ్బరినూనెతో మొహం రుద్దుకుంటూ ఉంటాను. చచ్చినవాడితో ఎవరికేం పని!

ఇబ్రహీంపట్నంలో నాకు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. పగలంతా కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టడం, సాయంత్రం ప్రాక్టీసు. మా పాత రాజుకు మోకాళ్ళు అరిగి చిందు మానేసినప్పుడు, ఇక కుర్చీ నాదేననుకున్నాను. అద్దం ముందు కూర్చుని దండాలు అందుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను, సిగ్గులేకుండా. పంతులు ఆ వేషం తీసుకెళ్ళి కొత్తగా వచ్చినవాడికి ఇచ్చాడు.

వాడిది గోదావరి జిల్లా. తుర్కయాంజాల్‌లో ఫ్లాటు కొనుక్కుని, అక్కడే కర్రీ పాయింటు పెట్టుకున్నాడు. నాకంటే ఆరేళ్ళు చిన్న, అందుకే వాడు అంటున్నాను. అదొక్కటే కారణం కాదనుకోండి. గొంతు విప్పితే ఖంగుమని మోగేది. ఫ్లాటులో పాడితే పక్కింటివాళ్ళు గోడ మీద కొడుతున్నారని, స్కూటర్ మీద సాగర్ రోడ్డంతా పాడుకుంటూ మా దగ్గరికి వచ్చేవాడు. వచ్చిన ఏడాదికే రాజు! పైగా ప్రతి ప్రాక్టీసుకూ అందరికీ గుత్తి వంకాయ కూర తెచ్చేవాడు. అది కూడా బాగుండేది. అందుకు ఇంకా మండేది నాకు.

అప్పటికి మా జట్టు సామాను నాలుగు ఇళ్ళలో ఉండేది. కిరీటాలు మా ఇంట్లో మంచం కింద, విల్లులు పంతులు ఇంటి అటక మీద, తెరలు ఒక టెంటుహౌస్ గోదాములో, మైకు సెట్టు వాడి కర్రీ పాయింటులో. ఆట ఉందంటే ఆటో మాట్లాడుకుని ఇల్లిల్లూ తిరిగి పోగు చేసుకోవాలి. ఒకసారి టెంటుహౌస్ ఆయన పెళ్ళికి పోయి తాళం దొరక్క, మా ఆవిడ చీరలు రెండు తెరగా కట్టి ఆడాం. ప్రాక్టీసుకు బడి వరండా ఉండేది; బడికి కొత్త గేటు పెట్టి తాళం వేశాక అదీ పోయింది. వేషాలూ వాద్యాలూ మనుషులూ ఒక్క కప్పు కింద ఉండేలా జట్టుకు సొంత ఇల్లు కట్టాలన్నది పంతులు చివరి కోరిక. చివరి కోరిక అని ఆయనే నెలకోసారి అనేవాడు.

ఊళ్ళో భూములున్న పటేల్ ఒకాయన స్థలం ఇస్తానన్నాడు. గజం ధర వింటే గుండె ఆగే రోజుల్లో, నూటయాభై గజాలు ఉట్టినే! ఒక్కటే షరతు పెట్టాడు.

"జాగ నేనిస్త. ఇల్లు మీరు కట్టుకోవాలె. వానలు పడేలోపట పునాదికి పైసలు జమచేసి సూపెట్టుండ్రి. లేకుంటే మా పిల్లగాడు దాన్ని గూడ ప్లాట్లల్ల కలుపుతడు, మల్ల నన్ను అనొద్దు."

చందాలకు బయల్దేరాం. వాడు తుర్కయాంజాల్ అపార్టుమెంట్లు తిరిగాడు, నేను మా ఇబ్రహీంపట్నం తిరిగాను. మన ఊరే కదా, నాకే ఎక్కువ వస్తుందనుకున్నాను. రైస్ మిల్లు ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ రాజు రాలేదా? ఆయన్ని తోల్కరా, పాట పాడిపిచ్చుకొని ఇస్త" అన్నాడు. ఆయన మిల్లు మోటారు మూడుసార్లు చుట్టినవాణ్ణి నేను! ఆ మాట జట్టులో ఎవరికీ చెప్పలేదు. మిల్లాయన ఊళ్ళో లేడని చెప్పాను.

ఎంత తిరిగినా సరిపోయేట్టు లేదు. అప్పుడు పంతులు ఒక ఉపాయం చెప్పాడు. "చందా అంటే చెయ్యి ముడుస్తరు. పట్టాభిషేకం పెట్టి పిలువుండ్రి. ఒకల్ని జూసి ఒకలు ఇస్తరు." ఆ మాట నిజం. మైకులో పక్కింటివాడి పేరు వినబడితే చాలు, బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో పాట పెరిగినట్టు పెరుగుతుంది.

పటేల్‌కు తెలిసినాయన సాగర్ రోడ్డు మీద తన ఫంక్షన్ హాలును ఒక ఆదివారం నాలుగు గంటల దాకా ఇచ్చాడు. ఆ సాయంత్రం అక్కడ ఎవరిదో రిసెప్షన్ ఉంది. రియల్ ఎస్టేటువాళ్ళు, మిల్లాయన, నాదర్‌గుల్ కాలనీల నుంచి పెద్దమనుషులు, అందరూ వచ్చారు. ముందు వరసలో ఒళ్ళో శాలువాల కవర్లు. పంతులు నన్ను తెర వెనక పట్టుకుని చెప్పాడు.

"మూడింటికల్ల నువ్వు పడాలె. పట్టాభిషేకానికి గంట కావాలె. యాదుంచుకో."

గుర్తుంచుకునేవాణ్ణే, ఆ కుర్చీ చూడకపోయి ఉంటే. మా సింహాసనం ఎప్పుడూ ప్లాస్టిక్ కుర్చీ మీద ఎర్ర తువ్వాలే. ఆ రోజు మాత్రం పెళ్ళికొడుకును కూర్చోబెట్టే హాలువాళ్ళ కుర్చీ తెచ్చి స్టేజీ మూల పెట్టారు. రెండు వైపులా బంగారు రంగు సింహాలు, ఎర్ర మఖమల్ దిండు. అందులో వాడు కూర్చుంటాడు. మిల్లాయన వచ్చి వాడికి శాలువా కప్పుతాడు. నా కళ్ళలో ఎవరో కారం కొట్టినట్టయింది.

యుద్ధం మొదలైంది. వాడు విల్లు ఎక్కుపెట్టాడు. ఆ బాణానికి నేను పడాలి. పడకుండా పాట ఎత్తుకున్నాను. తమ్ముడు చచ్చాడని విని రాక్షసుడు ఏడ్చే పాట అది, అంతకుముందే ఒకసారి అయిపోయింది కూడా. ఎత్తుకున్న పాట మధ్యలో ఆపడం మా ఆటలో లేదు. హార్మోనియం వెంట రావలసిందే. పంతులు కళ్ళెర్రజేస్తూనే వాయించాడు. జనంలోంచి ఈలలు. "వన్స్ మోర్" అని ఒక గొంతు. చాలదూ నాకు! వాడు మళ్ళీ విల్లెత్తాడు, నేను మళ్ళీ ఎత్తుకున్నాను. దర్బారు పాట, తూము మూసిన పాట, పెళ్ళాం మీద అలిగిన పాట. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు. చావకుండా ఉండటంలో ఇంత సుఖం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. వాడు బాణం నారి మీదే పెట్టుకుని నిలబడిపోయాడు. విల్లు బరువుకు చెయ్యి కిందికి దిగుతోంది. దిగనీ, అనుకున్నాను.

డెకరేషన్‌వాళ్ళు పూల ఆర్చీ మోసుకుంటూ స్టేజీ ఎక్కితే గానీ నేను ఈ లోకంలోకి రాలేదు. అప్పుడు పడ్డాను. అప్పటికి ఫ్యాన్లు కట్టేశారు, హాలు మేనేజరు చేతులు జోడించి అందర్నీ లేపుతున్నాడు. గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు కవర్లు తీసి ఇవ్వబోతే పంతులు పుచ్చుకోలేదు. "కుర్చీ ఎక్కని రాజుకు కట్నమేందయ్యా? ముట్టద్దు" అన్నాడు. కార్లు ఒక్కొక్కటే సాగర్ రోడ్డెక్కాయి.

ఇంటికొచ్చి కిరీటాలు పెట్టెలో సర్దుతుంటే మా ఆవిడ వచ్చి నిలబడింది. ఆమె హాల్లో కూర్చుని అంతా చూసింది.

"నువ్వు కావాల్నని చావలే గదా?"

"జనం అడిగిన్రు, పాడిన."

"జనం ఒక్కపారి అడిగిన్రు. నువ్వు ఆరు పాటలు పాడినవ్. ఆ పంతులు మొఖం జూసినవా? ఇల్లు పాయె అని కూలబడ్డడు."

నేను పెట్టె మూత వేసి మంచం కిందికి తోశాను. ఆ పూట అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత పంతులు ఇంట్లో అందరం కూర్చున్నాం. తప్పెవరిదో తేల్చాలి. నిజం బయటపడితే చిరుతలు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి వచ్చేయాల్సిందే. అప్పుడు వాడు లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేనండి. బాణం నా చేతిలో ఉంది. వేసేస్తే అయిపోయేది. అన్న పాడుతుంటే వింటూ ఉండిపోయాను."

అంతే, అందరూ వాడి మీద పడ్డారు. "పాడెటోడు పాడ్తడు, ఏసెటోడు ఎయ్యాలె గద!" అని ఒకరు, "టైమెంతయిందో సూస్కోవద్దా?" అని ఒకరు, "మీ దిక్కు రాజులు గిట్లనే జేస్తరా?" అని ఇంకొకరు. వాడు తలొంచుకుని అన్నీ పడ్డాడు. నేను నోరు విప్పలేదు. సిగ్గుపడ్డానా అంటే పడ్డాను. కానీ పంతులు ఆ వెంటనే అన్న మాటతో ఆ సిగ్గు ఎటో పోయింది.

"ఇగ రాజు వేషం నువ్వు కట్టు" అన్నాడు నాతో. వాడి వైపు తిరిగి, "రాక్షసుడు నువ్వు. పడుమన్నప్పుడు పడాలె, తెలిసిందా?" అన్నాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పాను. మా ఆవిడ సంగతంతా విని, "తిట్లు ఆయన తిన్నడు, కిరీటం నువ్వు పెట్టుకుంటున్నవ్. పెట్టుకో, మస్తుంటది" అని బియ్యం చెరుక్కుంటూ కూర్చుంది.

పటేల్‌ను బతిమాలితే ఇంకొక్క ఆదివారం గడువిచ్చాడు. హాలూ గీలూ వద్దు, ఆ జాగలోనే ఆడమన్నాడు. అప్పటికే సాయంత్రాలు మబ్బు పడుతోంది. ఇది కూడా పోతే ఇల్లన్న మాట మరిచిపోవడమే.

పొద్దున్నే షామియానా వేసి మొదలుపెట్టాం. ఇన్నేళ్ళకు నా తల మీద రాజు కిరీటం. ఆటలోకి దిగాక అర్థమైంది, రాజుకు పెద్దగా పాటలే లేవు. నాలుగు ముక్కలు పాడి, విల్లు పట్టుకుని నిలబడాలి. పాడేదంతా రాక్షసుడే. నా పాటలన్నీ వాడు ఒకటొకటిగా ఎత్తుకున్నాడు, ఒక్క అక్షరం తడబడలేదు. తమ్ముడి పాటకు పటేల్ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను పాడినప్పుడు ఆయన ఫోను చూసుకున్నాడు, నేను చూడలేదనుకున్నాడేమో! విల్లు బరువుకు నా చెయ్యి లాగేస్తోంది. ఎప్పుడు పడతాడురా బాబూ అనుకుంటూ బాణం వేశాను. చెప్పిన సమయానికి, చెప్పిన చోట పడ్డాడు.

పటేల్ తన ఇంట్లోంచి తెప్పించిన టేకు కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. పేర్లు మొదలయ్యాయి. ఆ పేరు విని ఈయన, ఈ పేరు విని ఆయన. శాలువాల కింద చెమటలు కారుతున్నాయి. వరస సగం కాకముందే పటేల్ మైకు అందుకుని, "రేపే ముగ్గు పొయ్యుండ్రి, పునాది తియ్యుండ్రి" అన్నాడు. పంతులు హార్మోనియం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నాకూ సంతోషమే వేసింది, అబద్ధమెందుకు?

అప్పుడు వరసలో వాడు వచ్చాడు. రంగు సగమే కడుక్కున్నాడు, రాక్షసుడి మీసం ఇంకా మూతి మీదే ఉంది. నా భుజం మీద తువ్వాల కప్పి చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, ఆ రోజు మీరు కావాలనే పడలేదని నాకు తెలుసండి."

నేను కుర్చీలో ముందుకు వంగాను. "మరి అందరి ముంగట ఎందుకు చెప్పకపోతివి?"

"చెబితే జట్టు రెండు ముక్కలయ్యేది, ఇల్లు పోయేది. పైగా నన్ను రాజుగానే ఉంచేసేవాళ్ళు. నాకు ఈ పాటలు కావాలండి. వచ్చిన రోజు నుంచీ మీ పాటల మీదే నా కన్ను. మీరు పాడుతుంటే కుళ్ళుకుని చచ్చేవాణ్ణి. ఆ రోజు బాణం వెయ్యలేదెందుకనుకున్నారు? ఒక్కోటీ నేర్చుకుంటున్నాను. ఊరికే కుర్చీలో కూర్చోవడం ఎవరికి కావాలండి?"

అని దిగిపోయాడు. కింద జనం వాణ్ణి పట్టుకున్నారు, తమ్ముడి పాట ఇంకోసారి పాడమని. ఎక్కువసేపు అడిగించుకోలేదు, నిలబడ్డచోటే ఎత్తుకున్నాడు. ఆ పాట నాది. ఇరవై ఏళ్ళు నాది. లేచి వెళ్ళి వాడి నోరు మూసేద్దామన్నంత కోపం వచ్చింది గానీ, వరస అయ్యేదాకా రాజు కుర్చీ దిగకూడదు. మైకులో మిల్లాయన పేరు చదివారు. ఆయన వచ్చి నాకు శాలువా కప్పాడు. కప్పి, దండం పెట్టడం మరిచిపోయి, నాకు వీపు చూపిస్తూ వాడి పాట వింటూ అక్కడే నిలబడిపోయాడు.